జెండా ఉన్న గుట్ట

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నన్ను చౌటుప్పల్ దగ్గరి ఒక బాలికల ఉన్నత పాఠశాలకు బదిలీ చేశారు. అంతకు చాలా ఏళ్ల ముందు నేను సైనిక విద్యా విభాగంలో షార్ట్ సర్వీస్ అధికారిని. జవాన్లకు మ్యాపు చదవడం నేర్పేదాన్ని. కెప్టెన్‌గా బయటికొచ్చి, బీఈడీ చేసి సోషల్ టీచర్నయ్యాను. బడిలో ఎన్.సి.సి. కూడా నాకే అప్పగించారు. అందులో బడి టీచర్లకిచ్చే హోదా పేరు థర్డ్ ఆఫీసర్. కెప్టెన్ నుంచి థర్డ్ ఆఫీసర్‌కు దిగిన ఏకైక మనిషివని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తారు.

మా బడి ఎన్.సి.సి. దళం అప్పటికి తాత్కాలికం. పక్క మండలంలోని మగపిల్లల బడికీ దళం కావాలి. ఉన్నది ఒకరికే. వార్షిక శిబిరంలో జరిగే మ్యాపు పోటీలో ఎవరు గెలిస్తే దళం వారిదేనని బెటాలియన్ తేల్చేసింది. ఓడితే మా పిల్లలు ఖాకీ యూనిఫాం విప్పి అప్పగించాల్సిందే.

మ్యాపులో ఒక గుట్టను గుర్తుపెట్టి, దాన్ని దిక్సూచితో వెతికి చేరమనడమే పోటీ. మా జట్టు నాయకురాలు నస్రీన్, తొమ్మిదో తరగతి. అంపైర్ సుబేదార్ గారిది జడ్చర్ల. ఆయన పొద్దున్నే గుట్టెక్కి ఎర్ర జెండా పాతి వచ్చారు. టీచర్లం ఆ జెండా పక్కనే నిలబడాలి, నోరు మెదపకూడదు.

మగపిల్లల జట్టు దూరం నుంచే జెండా చూసి పరుగెత్తుకొచ్చింది. ఆ వెనకే మా వాళ్లు కనిపించారు. జెండా వైపు చూశారు, ఆగారు, దిక్సూచి తీశారు, కాగితం మీద ఏవో గీతలు గీశారు. తర్వాత గిరుక్కున తిరిగి రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయారు! గొంతు దాకా వచ్చిన కేకను ఎలా మింగానో నాకే తెలియదు.

చాలాసేపటికి మా పిల్లలు చెమటలు కక్కుకుంటూ జెండా దగ్గరికి వచ్చారు.

“ఏం బిడ్డా, జెండా కనవడలేదా?” అన్నారు సుబేదార్ గారు.

“కనవడ్డది సార్. గని మ్యాపుల ఉన్న గుట్ట గిది కాదు. గది రోడ్డవతల ఉండె. కంకర కోసం కొట్టేసిన్రు. ఇప్పుడు గాడ గుంతే ఉన్నది” అంది నస్రీన్.

సుబేదార్ గారు పకపకా నవ్వారు. పోటీ చూడటానికొచ్చిన బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ కర్నల్ గారు మాత్రం నవ్వలేదు. మ్యాపు తీసుకుని మమ్మల్నీ, రెండు జట్ల నాయకుల్నీ జీపెక్కమన్నారు.

నస్రీన్ చూపించింది పెద్ద క్వారీ గుంత. కర్నల్ గారు దాని అంచున నిలబడి రిసెక్షన్ చేశారు. అంటే తెలిసిన గుర్తుల వైపు కోణాలు చూసి, మ్యాపులో ఆ గుర్తుల నుంచి వెనక్కి గీతలు గీయడం. గీతలు కలిసిన చోట మనం ఉన్నట్టు. ఒక గీత మసీదు మినారు నుంచి, ఒకటి గుడి గోపురం నుంచి వచ్చాయి. రెండూ సరిగ్గా మ్యాపులోని గుట్ట మీదే కలిశాయి! ఇక ఆగలేక “శెభాష్!” అని అరిచేశాను. మ్యాపు మూలన సర్వే సంవత్సరం చూస్తే, అది నేను పుట్టకముందుది. అసలు గుట్ట లేకపోయేసరికి సుబేదార్ గారు దగ్గర్లో కనిపించిన గుట్టనే అదనుకుని జెండా పాతారన్నమాట.

“మేం జెండా ముట్టుకున్నం గద సార్” అన్నాడు అవతలి జట్టు నాయకుడు. పోటీకి ఇచ్చిన ఆజ్ఞాపత్రంలో గుట్ట ఉందిగానీ జెండా లేదని కర్నల్ గారు హిందీలో రెండే ముక్కల్లో చెప్పారు. దళం మాకు దక్కింది. సుబేదార్ గారు తానే వెళ్లి జెండా పీక్కొచ్చి, క్వారీ అంచున పాతి, నస్రీన్‌కు సెల్యూట్ కొట్టారు.

రిటైరయ్యే దాకా ఆ దళం నా చేతిలోనే ఉంది. ప్రతి ఏడూ ప్రాక్టీసులో ఒక జెండాను కావాలనే తప్పు గుట్ట మీద పాతించేదాన్ని. దాన్ని ముట్టుకుని చప్పట్లు కొట్టిన వాళ్లను మళ్లీ మొదటి నుంచి నడిపించేదాన్ని.