భార్య రాయాల్సిన పేజీ

డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో మా ఫ్లైట్ లేటయింది. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని, పక్క సీటులో ఉన్నావిడ పెన్ను అడిగింది. నలభై ఏళ్లుంటాయి. ఒళ్లో ఏదో ఫారం ఉంది.

"మా ఆయన జాబ్ మానేసి బైబిల్ కాలేజీకి అప్లై చేస్తున్నారండి. దేవుడు పిలిచాడంట. ఈ పేజీ మాత్రం భార్యే రాయాలంట, నాకూ ఇష్టమేనా అని."

"ఇష్టమేనని రాసేయండి," అన్నాను. నేనైతే అదే రాసేదాన్ని.

"పాస్టర్లని తయారుచేసే కాలేజీకి అబద్ధం ఎలా రాస్తానండీ?"

అంతలో ఆయన రెండు కాఫీలతో వచ్చి, ఫారం వైపు చూడకుండా కూర్చున్నాడు. ఆవిడ ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసింది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ కనిపించాయి. ఆయనకు వినిపించిన పిలుపు తనకింకా వినిపించలేదని, తనకు భయంగా ఉందని.

ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇది చూస్తే సీటివ్వరేమో," అంది ఆవిడ.

"ఇలాగే పంపిద్దాం," అని కాఫీ ఆవిడ చేతికిచ్చాడు.

సీటు వచ్చిందో లేదో నాకు తెలియదు. మా ఆయన ఏదడిగినా "మీ ఇష్టం" అనేయడం మాత్రం నేను మానేశాను.