డబ్బా మీది చిన్న అక్షరాలు

వచ్చే నెల పదిహేనో తేదీన మా నాయన మళ్లీ ఆ కారు ఎక్కబోతున్నాడు. అందుకే ఇది ఇప్పుడే రాయాలి.

మా చిన్నప్పుడు... మైదుకూరులో ఒక ఆసామి ఇంట మా నాయన కారు డ్రైవరు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొన్న కారు. వీధి మలుపులో ఉండగానే దడదడ వినిపించేది... కోళ్లు తప్పుకునేవి. దాని ఇంజను నూనెను నాయన ఎప్పుడూ పారబోయలేదు. పాత పంచెగుడ్డలో వడగట్టి, తగ్గినంత ఆముదం కలిపి మళ్లీ పోసేవాడు.

ఒక ఎండాకాలం ఆసామి మద్రాసు నుంచి కొత్తరకం నూనె డబ్బా తెచ్చాడు. "ఇది పోస్తే ముసిల్ది పడుసుదైతాది సూడప్పా" అని నవ్వాడు.

నాయన ఆ డబ్బా నా ముందు పెట్టాడు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే.

"సదువు పాపా. మన బండికి పనికొస్తాదా?"

పెద్ద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాను. చిన్నవి ఒక్కటీ తెలియలేదు... ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"పాత బండ్లకు శానా మంచిదని రాసినారు నాయనా."

"సూసినావా మే, నా కూతురి సదువు!" అన్నాడు అమ్మతో.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కారు మా వాకిట్లోకి వచ్చింది. చప్పుడు లేదు. కుక్క తల ఎత్తలేదు. కోడి కదల్లేదు... చక్రం కింద పడింది. నాయన దిగి, నడుస్తున్న ఇంజను దగ్గర చెవి పెట్టాడు. "దీంట్లో ప్రాణం ఉండాదా?" అని గొణిగాడు.

మూడో రోజు నుంచి కారు కింద నల్లటి మడుగు. తుడిస్తే మళ్లీ... ప్రతి అతుకూ చెమట పట్టినట్టు కారేది. కారు పోయిన దారంతా నల్ల చుక్కలు. జనం వాటిని తొక్కకుండా పక్కగా నడిచేవారు. గాలి సోకిందన్నారు. అమ్మ కారు ముందు నిమ్మకాయలు కట్టింది.

గువ్వలచెరువు ఘాట్‌లో ఇంజను బిగుసుకుపోయింది. కారు వెనక్కి జారి బండరాయికి కొట్టుకుంది. నాయన చెయ్యి విరిగింది, కొలువు పోయింది. తన చేతిలోనే ఏదో దోషముందని నమ్మి మళ్లీ స్టీరింగు ముట్టలేదు. కూలికి పోయి నన్ను ఎస్సెల్సీ దాకా చదివించాడు.

ఆ డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. అమ్మ ఎండుమిరపకాయలు పోసుకుంటుంది. మొన్న కారం దంచుదామని దాన్ని దించి, ఊరికే చదివాను... 'పాత ఇంజన్లలో పోసేముందు లోపలి మడ్డి తీయించాలి.' అన్నేళ్లూ ఆ కారు సందులు పూడ్చి ఉంచింది ఆ మడ్డే. కొత్త నూనె దాన్ని కడిగేసి, ఆ సందుల్లోంచి తానూ కారిపోయింది. గాలి కాదు, దోషం కాదు... నా అబద్ధం.

ఇప్పుడు ఆసామి కారు బాగుచేయించి, కొడుకు పెళ్లికి నాయననే నడపమన్నాడు. మళ్లీ కొత్త నూనే ఇచ్చాడు. నిన్న నాయన ఆ కొత్త డబ్బా నా ముందు పెట్టి, "సదువు పాపా. నువ్వు సరేనంటేనే ఎక్కుతా" అన్నాడు. పెళ్లికి ముందు చెబుతానన్నాను.

ఈ రోజుల్లో కార్లన్నీ మెత్తగా పోతున్నాయి... దూరం నుంచే తన రాక తెలిపే కారు ఇప్పుడు ఏ వీధిలోనూ లేదు.

ఇది చదివే మీలో అలాంటి పాతకారు నడిపినవాళ్లుంటే, ఏ నూనె పోసేవారో, ఇలా ఎప్పుడైనా జరిగిందో వచ్చే నెల పదో తేదీలోగా రాయండి. మీ జవాబూ, మిరపకాయల డబ్బా... రెండూ నాయన ముందు పెట్టి పైకి చదువుతాను. ఈసారి చిన్న అక్షరాలతో సహా.