మాలక్ కాదని రాసిచ్చిన రోజు

కొన్న మూడు నెలలకే కాలిపోయిన పవర్‌లూమ్ మోటారు గురించి, ఈ రోజు నాన్నతో ఐదోసారి వినియోగదారుల కోర్టుకు వెళ్లాను.

ఫిర్యాదులో నాన్న తన పేరు కింద ముచ్చటపడి 'కార్ఖానా మాలక్', అంటే యజమాని అని రాయించుకున్నాడు. కంపెనీ వకీలు దాన్నే పట్టుకున్నాడు. మాలక్ అంటే వ్యాపారి, వ్యాపారికి ఈ కోర్టులో పనిలేదట.

మేముండే దాజీ పేట్‌లో మా కార్ఖానా అంటే ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలు. తువ్వాళ్లు నేసేది నాన్నే. ఇరవై ఏళ్లు పరాయి షెడ్డులో కూలికి నేశాక కొన్న మగ్గాలవి.

మా వకీలూ మా పేట్ మనిషే. నాన్నను వరండాలోకి తీసుకెళ్లి చెప్పాడు. "మామా, నువ్వు మాలక్ కాదు, సొంతంగ నేసుకొని పొట్ట పోసుకుంటున్నవని రాసియ్యాలె. గట్లయితేనే కేసు నిలుస్తది."

నాన్న ఆ కాయితం మీద సంతకం పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "వకీల్ సాబ్, ఈ కాయితం మన పేట్‌ల ఎవ్వలకు చూపియ్యరు గదా?"

కాలిన మోటారుకు న్యాయం అడగాలంటే ముందు మనమే ఇంత తగ్గాలా? మీలో ఎవరికైనా ఇలా అయిందా?

సాయంత్రం గల్లీలోకి రాగానే పక్కింటి కాక అడిగాడు, "ఏం మాలక్, ఏమైంది?"

నాన్న చెప్పులు విప్పుతూ, "ఇంకో తారీఖ్ పడ్డది" అన్నాడు.