పరారీ ప్రకటనల ఉదయ్‌కుమార్

తాళ్ళరేవు నుంచి వచ్చిన ఉదయ్‌కుమార్ గల్ఫ్‌లో, మిర్కాబ్ పేటలోని ఒక ప్రకటనల దుకాణంలో పదిహేనేళ్లుగా టైపు చేస్తున్నాడు. అద్దె గదులు, పాత కార్లు, పోయిన పాస్‌పోర్టులు. వాటన్నిటికన్నా ఎక్కువగా, పారిపోయిన మనుషులు. పనిమనిషో డ్రైవరో ఇల్లు విడిచిపోతే కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఫొటో పట్టుకుని అక్కడికి వచ్చేవాడు. పత్రికలో వేసే మాటలు ఎప్పుడూ ఒకటే: ఈ ఫొటోలోని వ్యక్తి ఫలానా రోజు నుంచి కనిపించడం లేదు, ఎవరూ పని ఇవ్వరాదు, ఆశ్రయమిచ్చినవారు శిక్షార్హులు. ఆ మూస కంప్యూటర్‌లో సిద్ధంగా ఉండేది. పేరు, పాస్‌పోర్టు నంబరు, గుర్తులు నింపితే నాలుగు నిమిషాల పని.

అతనితో గదిలో ఉండేవాళ్లు ఏడిపించేవారు. "నా ఫొటో ఏసేటప్పుడు కాత్త తెల్లగా వచ్చేటట్టు సూడు బాబూ."

"మూస వాళ్లది, మనిషి వాళ్లది. మధ్యలో నాదేముందిరా?" అనేవాడు. అతనికున్న గర్వమల్లా ఒక్కటే. పదిహేనేళ్లలో ఒక్క అంకె తప్పలేదు.

2009 మార్చిలో దుకాణం యజమాని కూతురు హెస్సా ఒక స్కూలు ప్రాజెక్టు తెచ్చింది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ల సమాజం నేటి ప్రపంచాన్ని ఎలా తయారుచేసిందన్నది అంశం. మిల్లులూ రైళ్లూ అందరూ రాస్తారని ఆమె చెరకు తోటల బానిసలను ఎంచుకుంది. వాళ్లు పారిపోతే యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలను పెద్ద అట్ట మీద అతికించాలి. టైపు ఉదయ్‌కుమార్ చేయాలి.

మొదటిది ఇలా ఉంది: "ఆదివారం నుంచి కనిపించడం లేదు. ఇరవై అయిదేళ్ల స్త్రీ. ఎడమ చేతి మీద కాలిన మచ్చ. ఆశ్రయమిచ్చినవారిపై చట్టప్రకారం చర్య."

ఉదయ్‌కుమార్ దాన్ని కొత్తగా కొట్టలేదు. తన మూస తెరిచి పాస్‌పోర్టు నంబరు గడి తీసేశాడు. సరిపోయింది.

హెస్సా పక్కన కూర్చుని తన కాగితాలు చదువుతోంది. బానిసత్వం రద్దయ్యాక తోటలకు మనుషులు చాలక ఒప్పంద కూలీలను ఓడల్లో తెప్పించారట. రేవుల పేర్లలో కోరంగి ఒకటి.

"అది మా ఊరి పక్కనే," అన్నాడు.

"అయితే మీవాళ్లు అప్పటినుంచే బయటి దేశాలకు పనికి వెళ్తున్నారన్నమాట," అంది మెచ్చుకోలుగా.

"మన దుకాణంలో వేసేవీ ఇవే కదమ్మా."

"అది వేరు అంకుల్. వాళ్లు బానిసలు. మీవాళ్లు సంతకం పెట్టి వస్తారు."

అట్ట చివర 'నేడు' అని ఒక గడి గీసి ఖాళీగా వదిలింది. అందులో ఏం పెట్టాలో తర్వాత చెబుతానంది.

ఆ మధ్యాహ్నమే సల్వా నుంచి ఒక కఫీల్ వచ్చాడు. అతను బల్ల మీద పెట్టిన ఫొటోలో ఉన్నది సత్యదుర్గ. ఉదయ్‌కుమార్ పక్క ఊరి మనిషి. ఆమె జమీలా బీ అనే రాయచోటి ఆవిడ గదిలో తలదాచుకుందని అతనికి తెలుసు. మూడు రోజుల క్రితం తనే ఫోన్ చేసింది.

"అన్నయ్యా, నా ఫొటో నీకాడికే వత్తాదంట గదా. ఆదివారం దాకా ఆపు, సాలు. ఎంబసీ సారు మా మామాతో, అదే మా ఇంటి యజమానురాలితో, మాటాడతన్నారు. కేసు లేకుండా ఇంటికంపేత్తారంట. పేపర్లో పడితే మాత్రం జైలేనంట."

"చూద్దాంలే," అన్నాడప్పుడు.

ఇప్పుడు కఫీల్‌ని అడిగాడు, మూసలో ఆ గడి ఉంది కాబట్టి: "గుర్తులేమైనా ఉన్నాయా?"

"ఎడమ చేతి మీద కాలిన మచ్చ."

ఎలా కాలిందని అడిగే గడి లేదు. చెరకు తోటల ప్రకటనలోనూ లేదు.

ప్రకటన ఆపడం అతని చేతిలో లేదు. చెడగొట్టడం ఉంది. పాస్‌పోర్టు నంబరు తప్పుపడితే పోలీసు స్టేషన్‌లో ఆ ప్రకటన పనికిరాదు, మళ్లీ వేయించుకు రమ్మంటారు. వారం గడుస్తుంది. చివరి ఏడును ఒకటి చేశాడు. కఫీల్ ఫొటో చూశాడు, పేరు చూశాడు, సంతకం పెట్టి వెళ్లాడు. అంకెలు ఎవరూ చూడరు.

ఒక్క అల్లాబకష్ చూస్తాడు. ప్రకటనలను పత్రికాఫీసుకు మోసుకెళ్లే రాయచోటి మనిషి. జతపరిచిన పాస్‌పోర్టు నకలుతో ప్రతి అంకె సరిచూసుకోవాలని అతనికి నేర్పింది ఉదయ్‌కుమారే. ఈసారి చూడొద్దని చెప్పాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఆ మాట దుకాణం యజమాని దాకా పోతుంది, తన ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండేందుకు అనుమతి, ఉన్నది ఆయన చేతిలో. చెప్పలేదు.

సాయంత్రం అల్లాబకష్ నవ్వుకుంటూ వచ్చాడు. "పదైదేండ్లకు దొరికినావన్నా. ఏడుకు ఒకటి కొట్టినావు. ఆడనే దిద్దేసినాలే. యల్లా, చాయ్ తాపియ్యి."

ఉదయ్‌కుమార్ చాయ్ తాగించాడు. ఆ అంకె మళ్లీ మార్చమని పత్రికాఫీసుకు ఫోన్ చేయడానికి ఇంకా వేళ ఉంది. చేయలేదు.

శుక్రవారం పత్రికలో సత్యదుర్గ ఫొటో స్పష్టంగా వచ్చింది. పక్క గదివాళ్లు చదివి వినిపిస్తే జమీలా బీ తలుపు తీసి పట్టుకుంది. "ఇంట్లో పెట్టుకున్నోళ్లకూ శిక్షంట. నాకూ బిడ్డలుండారు. ఏమనుకోవాకమ్మా." ఆ సాయంత్రమే బస్టాపులో పోలీసులు సత్యదుర్గను ఇఖామా అడిగి పట్టుకెళ్లారు. మర్నాడు ఎంబసీ సారు ఫోన్ చేస్తే సల్వా ఇంటి మామా, "ఖలాస్, ఇక పోలీసుల పని," అని పెట్టేసింది.

ఆదివారం హెస్సా చివరి గడికి కావలసింది తెచ్చింది. ఖాళీ ఒప్పంద పత్రం ఒకటి, దాని కింద వేయాల్సిన వాక్యం: "నేడు ప్రతి కార్మికుడూ తన ఇష్టంతో సంతకం చేస్తాడు."

ఉదయ్‌కుమార్ టైపు చేశాడు. అల్లాబకష్ సరిచూశాడు. తప్పేమీ దొరకలేదు.