బొటనవేలి గోరు మీద గీతలు

నిన్న మేనకోడలి పెళ్ళికని కరీంనగర్‌లో పార్లర్‌కు పోతే, అక్కడి పిల్ల నా ఎడమ బొటనవేలు పట్టుకుని, "అక్కా, గోరు మీద గిన్ని గీతలేంది? రుద్ది నున్నగ చేస్త" అన్నది.

ముట్టుకోవద్దన్నాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుందా? కొత్త ఇత్తడి బిందె కొంటే దాని మీద పేరు చెక్కించందే ఇంటికి తెచ్చేవాళ్ళం కాదు. వేములవాడలో ఆ పని మా బాపుది. అరిగిపోయిన ఉక్కు ఆకురాయిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి సన్నటి ఉలి చేసేవాడు. ఆ కాలిన నూనె వాసనే మా ఇంటి వాసన. సానరాయి మీద నూరాక ఉలి మొనను తన బొటనవేలి గోరు మీద ఆనించేవాడు. జారితే మొద్దు. గోరును పట్టుకుని గీత పడితే పదును.

పదేళ్ళప్పుడు నేనూ ఒక ఉలి నూరుతుంటే పెద్దబాపు చూసి బాపును కసిరాడు. "ఆడిపిల్లకు ఉలెందుకురా? రేపు ఒకరింటికి పొయ్యేది."

బాపు నా ఉలి తీసుకుని తన గోరు మీద పెట్టుకున్నాడు. జారింది.

"మళ్ల నూరు బిడ్డా."

నాలుగు రోజులు జారుతూనే ఉంది. ఐదో రోజు పట్టుకుంది. అప్పుడు బాపు గీత పడ్డ తన గోరును పెద్దబాపుకు చూపించాడు. "పోతె పోనియ్యే అన్నా. ఉలి గూడ దానెంబడి పోతది."

గోరు పెరిగేదే కదా, చిన్నప్పటి గీతలు ఎన్నడో పోయాయి. పార్లర్ పిల్ల చూసినవి నిన్న పొద్దున గీసినవి. పెళ్ళికూతురి బిందె మీద పేరు చెక్కింది నేనే.