పెనిమిటి ముఖం

వీరుడు ఆజానుబాహువనీ, విశాలవక్షుడనీ, అతిగంభీరుడనీ కావ్యాలు ఘోషిస్తాయి. అతని ముక్కు వంకరగా ఉండవచ్చునని ఏ లాక్షణికుడూ వ్రాయలేదు. విగ్రహాల కార్ఖానాలో అందరూ ‘ఆకురాయక్క’ అని పిలిచే ఇల్లాలి కష్టం అక్కడే మొదలైంది.

పోతపోసిన కంచు తలల మీద అతుకులను ఆకురాయితో అరగదీసి నునుపు చేయడం ఆమె పని. ఏ ఊరి వీరుడైనా, ఏ కాలపు యోధుడైనా, ఆ కార్ఖానాలో తల ఒక్కటే. మేస్త్రీ తాతగారి నాటి మూస అది: వెడల్పు నుదురు, కోటేరు వంటి ముక్కు, నవ్వెరుగని పెదవులు. మీసమూ శిరస్త్రాణమూ మార్చితే మనిషి మారేవాడు. పెళ్లికి ముందునుంచీ ఆమె ఆ ముఖాన్నే దిద్దుతున్నది.

ఆమె భర్త మిల్లులో బాయిలరు కార్మికుడు, పొట్టివాడు, నవ్వులపుట్ట. బాయిలరు గది అంటుకున్ననాడు తోటివారిని బయటికి నెట్టి తాను లోపలే ఉండిపోయాడు. దేహం కూడా దక్కలేదు. కార్మిక సంఘం వారు కూడలిలో అతని విగ్రహం నిలపదలచి ఈ కార్ఖానాకే పురమాయించారు.

“మేస్త్రీ బాబాయ్, ఆయనకి మూస వద్దు. ఆయన ముక్కు వంకర. చిన్నప్పుడు చెట్టుమీంచి పడ్డారు.”

“ఫొటో ఉందా అమ్మా?”

“పెళ్లిఫొటో ఒక్కటే. సరిగ్గా అప్పుడే తుమ్మారు. ముఖమంతా చెయ్యే.”

మేస్త్రీ నవ్వబోయి ఆపుకున్నాడు.

“ఆయన ముఖం నా తలలో తప్ప ఇంకెక్కడా లేదు బాబాయ్.”

“సరే, మట్టి ఇస్తా. నువ్వే చెయ్యి. రేపు సాయంత్రానికి కుదరకపోతే మూస తలే పోస్తా. తర్వాత నన్ననొద్దు.”

మరునాటి మధ్యాహ్నం ఆమె వెనుకగదిలో మట్టిముద్ద ముందు కూర్చున్నది. గోడవారన పూర్తికాని తలలన్నీ ఆమెవైపే తిరిగి ఉన్నాయి. కళ్లు మూసుకుని, భర్తను తలచుకుంటూ, పని వేళ్లకు అప్పగించింది. ముక్కు వంకర, బుగ్గన గుంట, పెదవి చివర అల్లరి, అన్నీ నొక్కింది. కళ్లు తెరిచేసరికి ఎదుట మూస ముఖం.

చెరిపి మళ్లీ మొదలుపెట్టింది. ఈమారు కళ్లు మూసుకోకుండా ముక్కును పక్కకు వంచింది. చెంప దిద్ది వచ్చేసరికి ముక్కు నిటారుగా ఉన్నది. దిద్దినది తన బొటనవేలే. ఎప్పుడు దిద్దిందో ఆమెకు తెలియలేదు. ఆ వేలిని చీరచెంగుకు గట్టిగా తుడుచుకున్నది.

తుమ్మెద ఝంకారం వింటూ వింటూ పురుగే తుమ్మెద అవుతుందని భ్రమరకీటక న్యాయం. భగవంతుని ధ్యానించేవానికి అది గొప్ప ఆశ్వాసం. ఆ చేతులు మాత్రం ఇన్నేళ్లూ ధ్యానించినది మూసను.

చివరికి అత్తగారిని పిలిపించింది. ఇది తన కొడుకు ముఖం కాదని కన్నతల్లే అంటే మేస్త్రీ మరికొంత గడువిస్తాడని ఆశ. ముసలామె మట్టి ముఖాన్ని రెండు చేతులా తడిమి బావురుమన్నది.

“నా తండ్రే! అచ్చం నా తండ్రే!”

“అత్తయ్యా, సరిగ్గా చూడండి. ఆ ముక్కు?”

“ముక్కుకేమైందే? కోటేరేసినట్టుంటే!”

“వంకర కదా! ‘నువ్వు తూర్పుకి పోతే నీ ముక్కు పడమరకి పోతుందిరా’ అని మీరే కదా ఆటపట్టించేవారు?”

“ఎవర్ని? నా కొడుకునా? చాల్లే, నోటికొచ్చినట్టు మాట్లాడకు. పుట్టినప్పటినుంచీ వాడింతే. నిలువెత్తు మనిషి, మంటల్లో రాయిలా నిలబడ్డాడని ఊరంతా చెప్పుకుంటుంటే వినలా?”

మేస్త్రీ తల వంచుకున్నాడు. “కన్నతల్లిని మించిన సాక్ష్యమేముందమ్మా? పోసేద్దాం.”

ఇంటిదారిలో ఆమె గబగబా భర్త చివరి ఉదయాన్ని తలచుకున్నది. అది ఇంకా ఉన్నదో లేదో చూసుకోవాలి. అతడు క్యారేజీ అందుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. “తొందరగా వచ్చేస్తాలే, తలుపు గడియ పెట్టకు,” అన్నాడు. గొంతు అతనిదే.

‘ఒక్కసారి ఇటు చూడండి,’ అని లోలోపల వేడుకున్నది.

గుమ్మం దాటబోతూ అతడు వెనుదిరిగాడు. వెడల్పు నుదురు. నిటారైన ముక్కు. ఆ పెదవులు నవ్వలేదు.