అమ్మ కోయించిన అట్ట తలుపు

మా పాప స్కూలు కోసం అట్టపెట్టెతో ఇల్లు చేస్తోంది. మైదా జిగురు ఉడికిన వాసన రాగానే అమ్మ గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ సబ్బుల అట్టలు పారేయకుండా అటక మీద దాచేవాళ్లు కదా.

సూర్యాపేటలో మాది కిరాయి ఇల్లు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, నాతో అట్ట ఇల్లు చేయిస్తూ అమ్మ అంది, "తలుపు పెద్దగ కొయ్యి బిడ్డా. మన సొంతింట్లకు ఎవలూ వంగి రావద్దు."

ఆ ఏడే అమ్మ దవాఖానలో చనిపోయింది. ఇంటికి తెస్తే, ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి, "కిరాయి ఇంట్ల శవాన్ని పెట్టనియ్యం తమ్మీ, ఏమనుకోకు" అన్నాడు నాన్నతో. రోడ్డు పక్కనే టెంటు కింద పడుకోబెట్టాం.

"తలుపు ఎంత కొయ్యాలె మమ్మీ?" అని పాప అడిగింది.

నలుగురు మోసుకొచ్చినా పట్టేంత అని చెప్పలేక, కత్తెర తీసుకుని నేనే కోశాను.